కుడి డొక్కలో చప్పుడు

గుర్రానికి రెండువందల అయిదు ఎముకలు.
అవన్నీ మా కాలేజీలో ఉన్నాయి,
మూడో గది మూలన, తీగలతో కట్టి, ఫ్యాను కింద.
ఫ్యాను స్పీడు పెంచితే
తోక ఎముకలు టకటకమంటాయి.
మాకున్న గుర్రం అదొక్కటే.

"ఈ జిల్లాలో డబ్బంతా గేదెల్లో ఉందమ్మా ఎస్తేరూ"
అన్నారు కోటిలింగం సారు.
"చూడి కట్టిందో లేదో చెప్పగలిగితే చాలు,
ఏ ఊరెళ్లినా విస్తరేస్తారు.
గుర్రం చదివి ఎక్కడికి పోతావ్?"

పుణె అన్నాను. బెంగళూరు రేసుకోర్సు అన్నాను.
పేపర్లో చూసిన స్టడ్ ఫారాల పేర్లన్నీ చెప్పాను.
అసలు సంగతి చెప్పలేదు.
రెండో ఏడు పుస్తకంలో ఒక చిన్న వాక్యం,
ఎవరూ గీత కూడా గీయనిది:
గుర్రం వాంతి చేసుకోలేదు.
మింగింది ఏదైనా సరే
ముందుకే పోవాలి.
ఆ రాత్రి హాస్టల్లో నిద్ర పట్టలేదు.

ఆదివారాలు గన్నవరం బస్సెక్కి
వించిపేటలో కాలేషా ఇంటికి పోయేదాన్ని.
ఆయనకొక తెల్లగుర్రం, నూరీ,
పెళ్లికొడుకుల్ని మోసేది.
గిట్టల్లో మట్టి తీయడం అక్కడే నేర్చుకున్నాను.
గిట్ట అడుగున మెత్తటి ముక్కోణం ఉంటుంది,
ఇంగ్లీషు పుస్తకం దాన్ని కప్ప అంటుంది,
ఎందుకో సారుకీ తెలీదు.
కాలేషా పుత్లీ అంటాడు.
బొమ్మకీ అదే మాట, కంటిపాపకీ అదే మాట.
పరీక్షలో కప్ప అనే రాశాను.

ఒకసారి నూరీ పై పెదవి ఎత్తి చూశాను.
చివరి పంటి మీద, చిగురు కింద
గోధుమరంగు గీత అప్పుడే దిగుతోంది.
"పదకొండేళ్లు" అన్నాను గొప్పగా.
కాలేషా టీ గ్లాసు కింద పెట్టాడు.
"అమ్మినోడు ఆరన్నాడు.
ఆరుకే డబ్బు కట్టాను.
నన్నడక్కుండా ఎందుకు చెప్పావమ్మా?"
ఆ పూట గడ్డి నేనే వేశాను. ఆయన మాట్లాడలేదు.

మాఘమాసం, ముహూర్తాల వారం.
రాత్రి ఒంటిగంటన్నరకి ఫోను.
పెళ్లివాళ్లు ముద్దుకొద్దీ
బుట్టెడు లడ్డూలు తినిపించారట.
నూరీ సందులో పడుకుని పొర్లుతోంది,
నుదుటి మీద జరీ కుచ్చు ఇంకా అలాగే ఉంది.
కుడి డొక్క మీద స్టెతస్కోపు పెట్టాను.
ఏమీ లేదు.
పుస్తకంలోని ఆ వాక్యం
పొట్ట ఉబ్బి నా ముందు పడి ఉంది.

సారు వచ్చారు, లుంగీ మీదే, స్కూటరు మీద,
గొట్టం భుజానికి చుట్టుకుని.
గుర్రాన్ని ముట్టి పంతొమ్మిదేళ్లయిందట.
సూది వేసేటప్పుడు చెయ్యి వణికింది,
ముక్కులోంచి గొట్టం దించేటప్పుడు వణకలేదు.
పారఫిన్ డబ్బా నేను ఎత్తి పట్టుకున్నాను.
చెయ్యి పీకి పడిపోతుందనుకున్నాను.

తర్వాత నడిపించాం.
మసీదు దాకా, మళ్లీ వెనక్కి,
మూసేసిన ఇడ్లీబండి దాకా, మళ్లీ వెనక్కి.
కాలేషా దాని చెవిలో ఏదో అంటూనే ఉన్నాడు,
ఉర్దూ, తెలుగు, తిట్లు, బతిమాలుకోడం.
ప్రతి పది నిమిషాలకీ ఆగి విన్నాను.
నా గుండె తప్ప ఏమీ వినపడలేదు.

ఎన్నోసారో గుర్తులేదు.
దూరంగా, లోతుగా, ఒక దొర్లుడు.
కృష్ణ వంతెన మీద గూడ్సు అనుకున్నాను.
చెవుల్లోంచి గొట్టాలు తీశాను.
వంతెన మీద ఏ బండీ లేదు.

ఇంకాసేపటికి నూరీ తోక ఎత్తింది.
మేం ముగ్గురం టార్చి వేసి
ఆ లద్దె చుట్టూ వంగి నిలబడ్డాం.
పాలవాడు సైకిల్ ఆపి చూసి,
ఏమీ అడక్కుండా పోయాడు.

"రికార్డు రాయి" అన్నారు సారు,
సంచిలోంచి మడతపడ్డ కాగితం తీసి.
ఆడగుర్రం. తెలుపు. పొట్టనొప్పి.
నాలుగూ నలభైకి కుడి డొక్కలో చప్పుడు.
వయసు దగ్గర పెన్ను ఆగింది.
కాలేషా వైపు చూశాను.
జరీ కుచ్చు విప్పుతూ, ఇటు తిరక్కుండానే,
"పదకొండు రాయమ్మా" అన్నాడు.