నువ్వుల అభ్యంగనం

ఆయన్ని మేత్రాణిని చేసిన ఉత్తరం
లిస్బన్‌లో ఓడెక్కి నరసాపురం రేవులో దిగేసరికి
నాలుగేళ్లు.
ఎవరికి సహాయుడిగా ఉండమన్నారో ఆ పెద్దాయన
అప్పటికే మట్టిలో ఉన్నాడు.
ఏ పట్నం పేరు మీద పట్టం ఇచ్చారో
ఆ పట్నంలో మేకలు తప్ప మనుషుల్లేరట.

దోమ్ బల్తజార్ ద సెర్కెయిర.
పీపాలు బిగించేవాడి మూడో కొడుకు.
మా వాళ్ల నోట బల్తసారయ్య.
అభిషేకానికి గోవా దాకా నడిచి వెళ్లి
ఒక ఉంగరంతో, ఒంటి చెప్పుతో తిరిగొచ్చాడు.
ఉంగరం కరువులో వడ్లయింది.
తలపాగా కాని ఆ తలపాగా
పాలకొల్లు సాలెల గుడ్డ, లోపల తాటాకు బద్దలు;
వాన పడితే చెవుల మీదికి వాలేది.
బందరు గురువు మాత్రం ఏటా రాసేవాడు:
ఇక్కడ నీకు అధికారం లేదు.

పెద్ద గాలివాన వచ్చిన ఏడు
ఆలివు నూనె జాడీలు
అంతర్వేది మొగలోనే మునిగాయి.
భద్రమైన అభ్యంగనానికి నలభై ఒక్క మంది
ఓడల వడ్రంగులు, వలల వాళ్లు, ఇద్దరు గుడ్డివాళ్లు
నుదుళ్లు కడుక్కుని కూర్చున్నారు.

ఆయన గానుగ పోలయ్య దగ్గరికి పోయాడు.
"నీ నూనె ఏ చెట్టుది?"
"చెట్టేంటి దొరా. నువ్వులు.
నువ్వుల నెయ్యే నూనె.
ఇంకోటైతే దాని ఇంటిపేరు ముందు చెప్పాలి,
ఇప్పనూనె, కొబ్బరినూనె అని.
ఉత్తినే నూనె అన్నావా, ఇదే."

మూడు రాత్రులు దీపం ఆర్పలేదట.
ఆ దీపంలోనూ అదే నూనె.
నాలుగో రోజు గురువారం.
సాంబ్రాణి కలిపాడు, మూడుసార్లు ఊదాడు,
నలభై ఒక్క నుదుళ్ల మీద బొటనవేలు పెట్టాడు.
ఆ సాయంత్రమే రోముకి రాశాడు:
ఈ భాషలో నూనె అంటేనే నువ్వులు. చెల్లుతుందా?

జవాబు వచ్చింది,
ఆయన పోయిన పదకొండేళ్లకి.
ఒకే మాట. చెల్లదు.

కొత్త గురువు బల్ల మీద నిలబడి చదివి
బతికున్నవాళ్లు మళ్లీ రండి అన్నాడు.
చాలామంది వెళ్లారు. తప్పేం లేదు, భయం కదా.
మా వంశంలో మొదటివాడు, కలపతు ఎర్రడు,
పడవ కింద నుంచి బయటికి రాకుండానే అన్నాడట:
"చెక్క తాగిన నూనెని
వెనక్కి పిండేవాణ్ణి తీసుకురండి, వస్తాను."

బల్తసారయ్య సమాధిని వశిష్ఠ కోసుకుపోయింది.
చిట్టా ఒకటి మిగిలింది.
ఆ గురువారం పుటకి నూనె అంటి
కాగితం పలచటి పొరలా అయింది;
నలభై ఒక్క పేర్ల సందుల్లోంచి
వెనక పుటలో చచ్చిపోయినవాళ్లు కనిపిస్తారు.
ఎవరు ఎటువైపో
నేను రెండుసార్లు పొరబడ్డాను.

శనివారం మా అమ్మ
నా కూతురి తలకి నూనె పెట్టేముందు
గిన్నెలో బొటనవేలు ముంచి
నుదుటి మీద ఓ నిలువు, ఓ అడ్డం గీస్తుంది.
ఎందుకే అంటే
కుంకుడు రసం కంట్లో పడకుండా, అంటుంది.
పడుతుంది.
పిల్ల వీధంతా వినపడేలా ఏడుస్తుంది.