ఒకటిన్నర

అనంతపురం నుంచి వచ్చి రైలు దిగేసరికి
తాడిపత్రి మీద తెల్లటి రాతిపొడి
ముగ్గు ఒలకబోసినట్టు పరుచుకోనుంది.
బ్యాగులో మెమో కాగితం.
దాని అడుగున ఒక వరస:
కావలసినవి అరవై. వచ్చినవి యాభై ఎనిమిదిన్నర.

నాయన పాలిష్ మిషను ఆపలేదు.
నీళ్ళ పైపు బండ మీదికి తిప్పి
"ఏం మస్తానమ్మా, పాసేనా?" అని అరిచినాడు.
పాసూ కాదు, ఫెయిలూ కాదు నాయనా,
క్రెడిట్లు చాలలేదంటి.

"క్రెడిట్టంటే అప్పు గదా!
రంగన్న అంగడి గోడకు రాసుండాది,
క్రెడిట్ ఇవ్వబడదు అని."
అది వేరే. ఇది మనం సంపాయించుకునేది.
"సంపాయించుకునేదాన్ని క్రెడిట్టంటారా
చదువుకున్నోళ్ళు?"

బురదనీళ్ళలో ఒక పక్కగా నిలబడి
లెక్క చెప్పడానికి చూసినా.
వారానికొక గంట, పదహారు వారాలు,
బెంచీ మీద కూర్చోని పాఠం వింటే ఒకటి.
ల్యాబులో అయితే
వారానికి రెండు గంటలు నిలబడి పని చేస్తే ఒకటి.

అప్పుడు ఆపినాడు మిషను.
"కూర్చున్నోనికి నిండు కూలి,
నిలబడినోనికి సగమా?"
నా దగ్గర జవాబు లేదు.
రూల్సు పుస్తకంలో పట్టిక ఉంది, జవాబు లేదు.

పోయింది సర్వే ల్యాబు. ఒకటిన్నర.
లెవెలింగు పరికరం పాతది,
అద్దంలో కొలకర్ర తలకిందులుగా కనపడుతుంది.
ఆరును తొమ్మిది అని రాసినా.
ఆ ఒక్క అంకెతో
మెట్టనేల పల్లమయింది,
నేను మళ్ళా రెండో ఏడు అయినా.

పరీక్షల సెక్షను కిటికీలో అడిగినా.
ఆన్‌లైన్ కోర్సు ఏదన్నా చేసి పూడ్చుకోవచ్చా సార్?
వాటికీ ఒక హద్దుంది, ఇంతవరకే చెల్లుతాయి,
ల్యాబుకు అసలు చెల్లవు, అన్నాడాయన.
టీ చల్లారిపోతోందని గ్లాసు వైపే చూస్తా చెప్పినాడు.
నీ క్రెడిట్లు యాడికీ పోవు, బ్యాంకులో ఉంటాయి, అని కూడా అన్నాడు.

"బ్యాంకా?" నాయన మొహం వెలిగింది.
"అయితే లోను ఇస్తారేమో అడగకపోతివా,
ఒకటిన్నరకు!"
పక్క మిషను దగ్గర కుళ్ళాయప్ప చిన్నాయన
దగ్గు వచ్చేదాకా నవ్వినాడు.

మధ్యాన్నం సద్దిమూట విప్పినాక
నాయన చేతులు కడుక్కున్నాడు.
ఎంత కడిగినా గోళ్ళ సందుల్లో తెలుపు అట్లే ఉంటాది.
"నాకెన్ని వచ్చింటాయి?" అన్నాడు,
ఉల్లిగడ్డ కొరుకుతా, ఊరికే అడిగినట్టు.

ఫోను తీసి కొట్టినా.
ముప్పై ఏండ్లు, ఏడాదికి మున్నూరు రోజులు,
రోజుకు ఎనిమిది గంటలు.
అన్నీ నిలబడిన గంటలే, కాబట్టి సగం లెక్కే.
రెండువేల రెండువందల యాభై.
పట్టాకు నూట అరవై చాలు.
పద్నాలుగు పట్టాలు నాయనా,
ఇంకా పది మిగులు.

చానాసేపు మాట్లాడలేదు.
ముద్ద కలిపినాడు గానీ తినలేదు.
"ఆ పదిలో ఒకటిన్నర
నీ పేరుకు రాపించుకోరాదా మ్మే?"

ఒకరివి ఇంకొకరికి చెల్లవు నాయనా.

"ఊఁ" అన్నాడు.
లేచిపోయి, పొద్దున పాలిష్ పట్టిన బండ మీద నీళ్ళు చల్లినాడు.
ఒక కన్ను మూసి, తల వంచి, అంచు వెంబడి చూసి
ఆ మూల వెంట్రుకంత దిగింది, అన్నాడు.

నా బ్యాగులో టేపుంది, లెవెల్ గొట్టముంది.
పెట్టి చూసినా.
గాజులో బుడగ
నాయన చెప్పిన పక్కకే జరిగింది.