నూటికి ఎంత

గాజు కిటికీకి అవతల తోర్కిల్డ్.
ఎస్బ్యెర్గ్ రేవులో నలభై ఏళ్లు
ఓడల పొట్టలకు వెల్డింగ్ చేసినవాడు.
నేనో మాట వదులుతాను, తను తిరిగి అప్పజెప్తాడు.
పడవ. రొట్టె. తలుపు. గొడుగు.
ఉప్పుని మాత్రం నిప్పు అన్నాడు,
ఆ చెవికి అలవాటైన మాట అది.

నూటికి తొంభై రెండు.
తెర మీద పచ్చ దీపం.
"ఎలా ఉన్నాయి మిషన్లు?"
"సొరుగులో ఉన్నాయి."

క్లబ్బులో పేకాట బల్ల చుట్టూ
అందరూ ఒక్కసారే నవ్వుతారట.
నవ్వు గట్టిగానే వినిపిస్తుందట,
గిన్నెలూ కుర్చీలూ ఇంకా గట్టిగా.
ఎందుకు నవ్వారో మాత్రం
ఇంటికెళ్లే దారిలో కూడా తెలియదట.

తర్వాత దాగ్నీ వచ్చింది, తడిసిన కోటుతో.
నూటికి నలభై నాలుగు.
పడవ గొడవైంది,
రొట్టె అసలు ఒడ్డుకే చేరలేదు.
ఓదార్పు మాట ఒకటి నేను వెతుక్కుంటుంటే
తనే నా చెయ్యి తట్టింది:
"మా కుక్క గోళ్లు చెక్కనేల మీద టకటకలాడతాయమ్మా!
గదిగదికీ నా వెనకే తిరుగుతోందని
ఈ చలికాలమే తెలిసింది."

తృప్తి ఎంత, పదికి, అని అడుగుతుంది ఫారం.
దాగ్నీ పది వేసి, దాని చుట్టూ సున్నా చుట్టింది.
తోర్కిల్డ్ మూడు వేసి
పెన్ను మూత జాగ్రత్తగా పెట్టాడు.

ఈ రెండు చుక్కల్నీ కలిపి
గీత గీయమంటారు పైవాళ్లు.
స్కేలు పట్టుకుని కాసేపు కూర్చున్నాను.

గురువారం నన్ను క్లబ్బుకి తీసుకెళ్తానన్నాడు తోర్కిల్డ్.
సొరుగు తెరుస్తానన్నాడు, ఒక్క సాయంత్రానికి.
అక్కడ గాజు కిటికీ ఉండదు.
నాకేమో పేకాట రాదు.