రెండు వేళ్ల మేర

రుమైథియాలో, బాబా ఇంటి మెట్ల కింద గదిలో
దుప్పటి కప్పుకొని తల వాల్చిన కొంగ అది.
పదకొండేండ్లుగా ఎవురూ లేపలేదంట.
"రద్దీమా" అని పిలిచినాడు
(రెడ్డెమ్మ ఆయన నోట్లో ఎప్పుడూ అంతే),
"నా చేతులు వణుకుతాయి. నీవి వణకవు కదా?"
బోకులు తోమే చేతులు. చాపి చూపించినాను.

ముందు దుమ్ము.
ఈ ఊరి దుమ్ము మన దుమ్ము కాదు,
బీగం వేసినా వస్తుంది,
రెండు తూర్లు జల్లించిన పిండి మాదిరి.
తడిగుడ్డ పెట్టబోతే బాబా అరిచినాడు.
రబ్బరు బుడ్డితో ఊదాలంట,
కుంచెతో ఈగ వాలినట్టు తాకాలంట.

బల్బు కింద రెండు లావు అద్దాలు,
లోపల బూజు.
విప్పి, సబ్బునీళ్లలో కడిగి, ఆరబెట్టి
ఉబ్బు వైపులు ఎదురెదురుగా పెట్టి బిగించినాను.
తిరగేసి పెడితే?
అంచులు చీకటి పడతాయన్నాడు.

తిత్తికి చిల్లులు.
గదంతా మూసి లోపలి దీపం వేస్తే
ముడతల్లో చుక్కలు పొడిచినాయి.
లెక్కపెడితే పద్నాలుగు.
నా పాత అబాయా అంచు కత్తిరించి, జిగురు రాసి
ఒక్కొక్క చుక్కే ఆర్పుకుంటా వచ్చినాను.

ఇంక మట్టం.
ఇది మాత్రం నాకు ఎవురూ చెప్పనక్కర్లేదు.
రాయచోటిలో బేల్దారి వీరబల్లయ్య కాడ
మూడేండ్లు ఇటుకలు మోసినదాన్ని,
రసమట్టంలో బుడగ యాడ నిలబడాల్నో తెలుసు.
అడుగు పలక, ఫిల్ము పెట్టే చోటు, కింది అద్దం,
మూడూ ఒక మాట మీద ఉండాల.
లేకుంటే ఒక చెవి తేట, ఒక చెవి మసక.
అట్టముక్క మడిచి పలక కింద దోపినాను.
బాబా రసమట్టాన్ని చేతిలోకి తీసుకొని
పిల్లోడి మాదిరి అటూ ఇటూ వంచి చూసుకున్నాడు.

జూన్ నెల. కొళాయి నీళ్లతో టీ కాచుకోవచ్చు.
మందునీళ్లేమో ఇరవై డిగ్రీలు దాటకూడదు.
చేపలకని పెట్టిన ఐసు తెచ్చి
తట్ట కింద తట్ట పెట్టినాను.
దీపం వెలిగే పదహారు సెకండ్లూ ఏసీ ఆపాల,
అది వణికితే బొమ్మ వణుకుతుంది.
చెమట కంట్లోకి కారినా తుడుచుకోకూడదు.

మొదటి ఫిల్ము, పెద్దకూతురి పుట్టినరోజు.
పలక మీద కేకు బొగ్గులాగా నల్లగా,
పడుచుపిల్లల జుట్లన్నీ నెరిసిపోయి.
ఈ ఫోటో హాల్లో గోడ మీద ఉంది,
రోజూ తుడుస్తాను.
కానీ ఈడ ఇంకో మనిషి.
ఎడమ అంచున, ట్రే పట్టుకొని.
కాగితం పెట్టే చోట కాదు,
దాన్ని పట్టుకునే ఇనప పట్టీ మీద పడింది ఆమె ముఖం.
గోడ మీది ఫోటోలో ఆ మూల మోచేయి ఒకటి ఉంటుంది.
ఇన్నాళ్లూ కుర్చీ అనుకున్నా.

"ఎవురు బాబా?"
ఎర్రదీపం కింద శానాసేపు చూసినాడు.
"శ్రీలంక. ఆరేండ్లు ఉండింది. మంచి టీ పెట్టేది."
పేరడిగితే
ఆయన వేళ్లు గాల్లో వెతికినాయి.

పట్టీని రెండు వేళ్ల మేర జరిపినాను.
ఏమంటాడో అని ఆగినాను.
"పదహారు" అన్నాడు, అంతే.

మందునీళ్లలో ముందు నలుపులు లేచినాయి,
జుట్లు, కనుబొమలు, ట్రే కింద నీడ.
ఆమె ముఖం అందరికన్నా వెనక వచ్చింది.
కేకు వైపు చూడడం లేదు,
ట్రేలో గ్లాసులు లెక్కపెట్టుకుంటా ఉంది.
నేనూ అట్లే లెక్కపెడతా.

బట్టల క్లిప్పులు పెట్టి తీగకు వేలాడదీసినాను.
బల్బు చల్లారేదాకా దుప్పటి కప్పకూడదు,
స్టూలు మీద కూర్చున్నా.
పైనుంచి మేడమ్ పిలుస్తా ఉంది.
చీకట్లో బాబా ఉన్నట్టుండి
"కుసుమ" అన్నాడు. మళ్లీ, "కాదు, కుమారి."
రెండూ రాసినాను ఫోటో వెనక, పెన్సిలుతో, తెలుగులో.

కంబానికి కుట్టుమిషను నూనె
రేపు పెట్టాల.