ఏడో గొట్టం

ఏడోదీ కారింది.
సూదిముక్కు నుంచి జిగురు, పొర మీద పొరగా,
రాత్రంతా పేరుకున్న గొట్టం.
అలిపిరి మెట్ల దీపాలు ఆర్పే వేళకి పంపు వేస్తే
అతుకు దగ్గర ఎర్రనీళ్ళు చెమర్చినాయి.

ల్యాబులో సింకు బాగుచేయను వచ్చిన రెడ్డెప్ప
రెంచి పక్కన పెట్టి అడిగినాడు:
"ఇదేం పైపు మేడం, ఏ కంపెనీది?"

మనిషి రక్తనాళానికి నకలు, అన్నా.
కంపెనీ ఇంకా లేదు. లోపల నాలుగు మిల్లీమీటర్లు.

బొటనవేలితో నొక్కి చూసినాడు.
పాకాల మామిడితోటల్లో
ఇరవై ఏండ్లు డ్రిప్పులైన్లు పరిచిన వేలు.
"గట్టిగా ఉంటే నిలుస్తాదనుకుంటారు గానీ
నీళ్ళు దబుక్కున వస్తే గట్టిదే ముందు పగిలేది.
రవంత ఒళ్ళియ్యాల,
మళ్ళా తన కొలతకి రావాల."

ఆ ఒక్క మాట కోసం
నా రిపోర్టులో పదకొండు గ్రాఫులున్నాయి.

అప్పుడు ఫుల్‌హ్యాండు చొక్కా పైకి మడిచినాడు.
మోచేతి కింద పగ్గంలా ఉబ్బిన నరం,
వారానికి మూడు దినాలు డయాలసిస్ మిషనుకి ఇచ్చే చెయ్యి.
"పట్టుకో మేడం, ఏం కాదు."

కొళాయికి నీళ్ళొచ్చే ముందు
పైపు చేసే గరగర.
ఆగకుండా, నా వేళ్ళ కింద.

"ఇది రెండోది. మొదటిది మూసుకుపాయ.
ఇంకో జాగా లేదన్నారు."

సింకుకి మూడొందల యాభై తీసుకున్నాడు,
వాషరుకి వేరే.

ఎనిమిదోదానికి
జిగురులో నీళ్ళ శాతం పెంచినా,
గోడ పల్చన చేసినా.
ప్రింటరు అటూ ఇటూ తిరుగుతా ఉంది.
కుడిచేతి వేళ్ళు చొక్కాకి తుడుచుకున్నా,
గరగర పోలేదు.