ముప్పై నాలుగు

కాచిగూడలో దిగాం. తెల్లవారి అయిదూ పది.
పసుపు జెండా ఇంకా ఎత్తే ఉంది చేతిలో.
పదకొండు రోజులు ఈ గుడ్డముక్క వెంటే
హరిద్వార్ మెట్లు దిగారు, సిమ్లా ఎక్కారు;
మొగులయ్యగారి మోకాళ్లు కూడా,
తిట్టుకుంటూనే.

ఇప్పుడెవరూ దీన్ని చూడరు.
"అంబర్‌పేట, అంబర్‌పేట" అని ఆటోలవాళ్ల కేకలు.
నిన్నటిదాకా "బాబూ, పెరుగన్నం" అన్న గొంతులు
యాభై రూపాయల బేరంలో పడ్డాయి.

అలవాటు కొద్దీ లెక్కపెడతాను.
ముప్పై నాలుగు. ఇరవై ఆరు. తొమ్మిది.
తగ్గుతున్నా గుండె జారని లెక్క
ఇదొక్కటే.

చివర్న దమయంతి టీచర్.
మనాలీలో మంచు ముట్టుకుని
"మా ఫ్రిజ్‌లోదే కదయ్యా" అని పెదవి విరిచిన మనిషి.
ఆటో ఎక్కి, మళ్లీ దిగొచ్చి
"నీ జీతంలోంచి కోస్తారట, నిజమా" అంటూ
బ్యాగు అడుగునుంచి
హోటల్ టవల్ తీసిచ్చింది.

అది భుజాన వేసుకుని
టీ కోసం నింబోలిఅడ్డ వైపు నడిచాను.
జెండా దించడం మర్చిపోయినట్టున్నాను.
రోడ్డు దాటి వెనక్కి చూస్తే
ఒక ఊరకుక్క,
రెండడుగుల దూరంలో,
బుద్ధిగా లైన్లో.