ఫీలర్ గేజ్

ఆ చలికాలం మా ఇంట్లో చదువు
రాత్రి పదింటికి మొదలయ్యేది.
నాన్న చేతులు కడుక్కుని వచ్చేవాడు
నారింజ సబ్బుతో, ముతక బ్రష్షుతో,
అయినా గోళ్ల కింద ఇరవై నాలుగేళ్ల గ్యారేజీ.

నేను చదివేదాన్ని:
"బ్రేకు నొక్కితే పెడల్ అదురుతోంది.
టెక్నీషియన్ ఏ అంటాడు, రోటర్ మందం ఒక్కతీరుగా లేదని.
టెక్నీషియన్ బి అంటాడు, బ్రేకు ఆయిల్లో గాలి చేరిందని.
ఎవరు కరెక్టు?
ఏ మాత్రమే. బి మాత్రమే. ఇద్దరూ. ఇద్దరూ కాదు."

నాన్న జవాబు చెప్పడు.
అరచెయ్యి బల్ల మీద బోర్లించి
సన్నగా వణికిస్తాడు. ఉప్పు సీసా గలగలమంటుంది.
"రోటరైతే ఇలా.
గాలైతే..." బల్ల కింద పాదం
మెల్లగా దిగబడుతుంది, తడిసిన పరుపు తొక్కినట్టు.
"ఈ బి గాడికి పని ఎవడిచ్చాడు?"

టొలీడోలో, మామీ నది గడ్డకట్టిన ఆ జనవరిలో
ముసలి వాల్టర్ గ్యారేజీ అమ్మేశాడు.
కొన్న కంపెనీ కొత్త చొక్కాలు పంపింది, జేబు మీద పేరు కుట్టి.
కొత్త రూలు పంపింది:
సర్టిఫికెట్ లేనివాళ్లు ఏప్రిల్ నుంచి
ఆయిల్ మాత్రమే మార్చాలి.
సర్టిఫికెట్ ఉన్న డస్టిన్‌కి ఇరవై రెండేళ్లు.
చప్పుడు ఎక్కడిదో తేలనప్పుడల్లా
నాన్ననే పిలుస్తాడు, ఎవరూ చూడకుండా.

నాన్నకి అక్షరాలు నిలవవు.
చిన్నప్పటి నుంచీ అంతే.
పగిలిన బేరింగులోంచి గోలీల్లా దొర్లిపోతాయట,
ఒకటి పట్టుకుంటే రెండు జారిపోతాయట.
నాకు పదహారేళ్లు వచ్చేదాకా ఈ సంగతి తెలీదు.
హోటల్లో మెనూ మూసేసి
"నువ్వు తినేదే నాకూ" అంటే
ప్రేమనుకున్నాను.
(ప్రేమ కూడానేమో. ఇద్దరూ కరెక్టే.)

రెండుసార్లు పరీక్ష పోయింది.
తెలియక కాదు, టైము చాలక.
ముప్పై రెండో ప్రశ్న మధ్యలో తెర ఆరిపోయిందట.

ఒక రాత్రి విసిగిపోయి
టూల్‌బాక్సు లోంచి ఫీలర్ గేజ్ తీశాడు.
వాల్వు సందు కొలిచే ఉక్కు రేకులు,
విసనకర్రలా విచ్చుకునేవి.
ఒక రేకు వరస కింద ఆనించాడు.
అక్షరాలు దాని మీద నిలబడ్డాయి,
కరెంటు తీగ మీద పిట్టల్లా,
ఎగిరిపోవడానికి సిద్ధంగానే, కానీ నిలబడ్డాయి.
"టెక్... నీషి... యన్..."
నేను నోరు మూసుకున్నాను. ఎంత కష్టమో అది.
ఆ వాక్యానికి నాలుగు నిమిషాలు పట్టింది.
పక్కింటి కుక్క మొరిగి, ఊరుకుని, మళ్లీ మొరిగింది.

మార్చి నెలాఖరుకి, ఒకటిన్నర.

పరీక్ష గదిలోకి ఏ వస్తువూ తీసుకెళ్లనివ్వరు.
కౌంటర్లో ఆవిడ ట్రే ముందుకు జరిపి
"జేబులు ఖాళీ చెయ్యండి, మిస్టర్ టకాక్స్" అంది.
టకాచ్ అని దిద్దలేదు నాన్న.
తాళాలు, చిల్లర, గేజ్,
ఇంకా కోటు చిరుగు అడుగునుంచి
ఆర్నెల్లుగా గ్యారేజీ అంతా తిట్టుకుంటూ వెతికిన
పది మిల్లీమీటర్ల సాకెట్.
నాన్న నవ్వాడు. ఆ రోజుకి అదొక్కటే నవ్వు.
ఉత్త వేలితో లోపలికి వెళ్లాడు.

నేను కార్లో కూర్చున్నాను, హీటర్ కోసం ఇంజన్ ఆపకుండా.
మా కారు బెల్టు కీచుమంటుంది, చలికి మరీను.
ఊరందరి బెల్టులూ మార్చే మనిషి
సొంతదానికి ఆదివారం రావాలంటాడు.

రెండు గంటలకి వచ్చాడు.
చూపుడువేలి కొస ఎర్రబడింది.
తెర మీద బారునా వేలిమరకలు పడ్డాయని,
తుడవబోతే ఆవిడ "వదిలెయ్యండి" అందని చెప్పాడు.
మడిచిన కాగితం నా ఒళ్లో పెట్టాడు:
"చదువు."

నేను విప్పలేదు.
ఆయన కోటు జేబులోంచి గేజ్ లాగి
ఒక రేకు విప్పి, కాగితంతో సహా
తిరిగి ఆయన చేతిలోనే పెట్టాను.

ఇంజన్ ఆపేశాడు. కీచు ఆగింది.
రేకు మొదటి వరస కింద ఆనించాడు.
మొదటి మాట తన పేరే.
దాన్ని సరిగ్గా పలికాడు.